చిట్టెం సాక్ష్యం

మ్యూజియంలో అద్దాల పెట్టెలోకి చేరేది పనికొచ్చిన వస్తువే. కత్తి, గొడ్డలి, కొడవలి, బల్లెం మొన. వాటిని చేసేటప్పుడు మిగిలిపోయిన చెత్త మాత్రం పొలం గట్టు మీదో చెరువు కట్ట కిందో పడి ఉంటుంది. దాన్ని టికెట్టు కొని చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. అయినా ఇనుప యుగం గురించి అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనదానికి, అంటే ఇక్కడి మనుషులు రాయిలోంచి ఇనుము తీయడం ఎప్పుడు, ఎలా నేర్చారన్న ప్రశ్నకు, కత్తి కన్నా ఆ చెత్తే గట్టి సాక్షి అన్నది ఈ అధ్యాయంలోని వాదం. ఆ చెత్త పేరు చిట్టెం. మానేరు పరిసరాల్లోని బోయినపల్లి నుంచి సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల మీదుగా గోదావరి దాకా, అవతల నిర్మల్ దాకా పరుచుకున్న ఉత్తర తెలంగాణ, ప్రపంచంలో పాత పద్ధతిలో ఇనుమూ ఉక్కూ తీసిన పేరున్న ప్రాంతాల్లో ఒకటి. ఇక్కడి పూర్వచరిత్ర రాయాలంటే రాకాసి గుళ్ళు అని పిలిచే పెద్ద బండల సమాధులనూ శాతవాహన నాణేలనూ చూడటం ఎంత అవసరమో, ఎవరూ లెక్కచేయని ఈ నల్లరాళ్ళను చూడటం అంతకన్నా అవసరం.

ఇంతకీ చిట్టెం ఎలా పుడుతుంది? మట్టితో కట్టిన కొలిమిలో బొగ్గునూ ఖనిజాన్నీ వరసలు వరసలుగా పోసి, తిత్తులతో గాలి ఊదితే, లోపల వేడి సుమారు 1200 డిగ్రీలకు చేరుతుంది. రాగి 1085 డిగ్రీలకే నీరవుతుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. కాబట్టి ఆ కొలిమిలో ఇనుము కరగనే కరగదు. కాలుతున్న బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మిగిలిన ఇనుప రేణువులు గట్టిగా ఉండగానే ఒకదానికొకటి అతుక్కుని బొక్కలు బొక్కలుగా ఒక ముద్ద కడతాయి. కరిగి కిందికి జారేది ఖనిజంలోని ఇసుకా మట్టీ, వాటితోపాటు కొంత ఇనుము కూడా. అది చల్లారి గడ్డకడితే చిట్టెం. చేతిలోకి తీసుకుంటే మామూలు రాయి కన్నా బరువని తెలిసిపోతుంది, ఎందుకంటే సగానికి సగం ఇనుప ఆక్సైడే. పైభాగం పాకం పోసి ఆరబెట్టినట్టు మడతలు మడతలుగా ఉంటుంది. పగలగొట్టి చూస్తే గాలి బుడగల బొక్కలు, వాటి మధ్య ఒక్కోచోట బొగ్గు ముక్క. బొగ్గు పోయినా దాని అచ్చు మిగులుతుంది, కర్ర నార గీతలతో సహా. ఆ అచ్చును సూక్ష్మదర్శిని కింద పెడితే ఏ జాతి చెట్టును కాల్చారో చెప్పగలిగిన సందర్భాలున్నాయి. రసాయన విశ్లేషణ చేస్తే ఏ రకం ఖనిజం వాడారో, వేడి ఎంతవరకు వెళ్ళిందో, కొలిమి ఎంత సమర్థంగా పనిచేసిందో బయటపడుతుంది. తుప్పు పట్టి పొట్టుపొట్టుగా రాలిపోయిన కత్తిలో ఇన్ని వివరాలు మిగలవు.

కత్తికి ఇంకో బలహీనత ఉంది: అది ప్రయాణం చేస్తుంది. ఈజిప్టు రాజు టుటన్‌ఖామెన్ మమ్మీ మీద దొరికిన ఇనుప బాకు క్రీ.పూ. 14వ శతాబ్దం నాటిది. దాని లోహంలో నికెల్, కోబాల్ట్ పాళ్ళను 2016లో కొలిచి చూస్తే అది ఆకాశం నుంచి పడిన ఉల్క ఇనుమని తేలింది. అదే దేశంలో గెర్జె అనే చోట దొరికిన ఇనుప పూసలు క్రీ.పూ. 3200 ప్రాంతానివి. అవీ ఉల్క ఇనుమే. ఈజిప్టువాళ్ళ దగ్గర ఇనుము ఉంది, ఇనుము తీసే విద్య మాత్రం లేదు. నేటి తుర్కియేలోని కుల్‌తెపెలో దొరికిన వర్తకుల మట్టి పలకల ప్రకారం దాదాపు నాలుగు వేల ఏళ్ళ కిందట ఇనుముకు వెండి కన్నా నలభై రెట్ల ధర పలికేది. అంత విలువైన వస్తువు ఎక్కడ పుట్టిందో అక్కడే ఎందుకు ఆగుతుంది? చేతులు మారుతుంది, కట్నంగా పోతుంది, దోపిడీలో పోతుంది, చచ్చినవాడి పక్కన సమాధిలో తేలుతుంది. ఒక సమాధిలో కత్తి దొరికితే ఆ ఊరివాళ్ళకు కత్తి దక్కిందని మాత్రమే తెలుస్తుంది. చిట్టెం సంగతి వేరు. ఎందుకూ పనికిరాని ఆ బరువును పని కట్టుకుని ఇంకో ఊరికి మోసుకెళ్ళేవాడు లేడు. అది ఎక్కడ ఉంటే కొలిమి అక్కడే మండిందని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు.

ఈ తేడా దక్కన్ విషయంలో ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఒక పాత లెక్కను గుర్తుచేసుకోవాలి. కోపెన్‌హాగన్ మ్యూజియంలోని వస్తువులను సర్దుతూ క్రిస్టియన్ థామ్సన్ చేసిన రాతి, కంచు, ఇనుప యుగాల విభజన 1836లో అచ్చయింది. డెన్మార్క్ వస్తువులకు అది చక్కగా సరిపోయింది. తర్వాత దాన్నే ప్రపంచమంతటికీ కొలబద్దగా వాడారు. మన దగ్గర అది కుదరదు. మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ పశువుల దొడ్లలోని పేడ మళ్ళీ మళ్ళీ కాలగా ఏర్పడింది. అక్కడి నవీన శిలాయుగపు మనుషులు నూరిన రాతి గొడ్డళ్ళతో బతికారు. వాళ్ళ తర్వాతి కాలంలో దక్షిణాదిన రాగీ కంచూ అక్కడక్కడ కనిపిస్తాయి గానీ, ఒక యుగానికి పేరు పెట్టేంతగా లేవు. ఆ తర్వాత పెద్ద బండలతో కట్టిన సమాధులు, వాటిలో ఎక్కడ చూసినా ఇనుము. సహారాకు దక్షిణాన ఆఫ్రికాలో చాలా భాగం కూడా ఇలాగే రాతి నుంచి నేరుగా ఇనుముకు వచ్చింది. అయినా కంచు పోత తెలియకుండా ఇనుము తీయడం కుదరదని నమ్మినవాళ్ళు ఇనుము బయటి నుంచే వచ్చి ఉండాలని తీర్మానించారు. భారతదేశంలో క్రీ.పూ. 250కి ముందు ఇనుము లేదని 1950లో గోర్డన్ అనే పరిశోధకుడు వాదించాడు. మార్టిమర్ వీలర్ కాస్త ఉదారంగా, పారశీక సామ్రాజ్యంతో క్రీ.పూ. 500 ప్రాంతంలో వచ్చిందన్నాడు. కర్ణాటకలోని హల్లూరులో నాగరాజరావు 1965లో తవ్వినప్పుడు ఇనుము దొరికిన పొరల బొగ్గుకు రేడియో కార్బన్ పరీక్ష క్రీ.పూ. 1000 ప్రాంతపు కాలం చూపింది. దాంతో ఆ రెండు లెక్కలూ చెల్లకుండా పోయాయి.

ఇప్పుడు లోలకం అటు చివరకు ఊగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని బృహత్ శిలా సమాధుల తవ్వకాల ఆధారంగా ఆచార్య కె.పి. రావు అక్కడి ఇనుము క్రీ.పూ. 2200 నాటిదన్నారు. తమిళనాడులోని మయిలాడుంపారైకి క్రీ.పూ. 2172 తేదీ వచ్చిందని ఆ ప్రభుత్వం 2022లో ప్రకటించింది. శివగళైలోని సమాధి కుండలకు క్రీ.పూ. 3345 దాకా వెళ్ళే తేదీలు 2025 జనవరిలో ప్రకటితమయ్యాయి. ఇవి నిజమైతే దక్షిణ భారతం ప్రపంచంలోనే అందరికన్నా ముందు ఇనుము తీసినట్టు. గర్వపడటానికి తొందరపడేవాళ్ళూ ఉన్నారు, పెదవి విరవడానికి తొందరపడేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ చూడాల్సింది ఒకటే: ఆ తేదీ దేనిది? పరీక్షకు వెళ్ళింది చాలాచోట్ల బొగ్గో కుండపెంకో గానీ ఇనుము కాదు. సమాధి అంటే తవ్విన గొయ్యి. గొయ్యి తవ్వినవాళ్ళు కింది పాత మట్టిని పైకి తెస్తారు, పాత బొగ్గు కొత్త కత్తి పక్కన చేరుతుంది. ఒక్క సమాధిలో అలా జరిగితే పొరపాటు అనొచ్చు, పలుచోట్ల అవే తేదీలు వస్తుంటే కొట్టిపారేయలేం. ఆ కాలపు కొలిమి, దాని చిట్టెం దొరికేదాకా మాత్రం ఈ తేదీలను ఇనుము ఉనికికి ఆధారంగా తీసుకోవచ్చు, ఇనుము తీసిన విద్యకు ఆధారంగా తీసుకోలేం. ఉత్తరప్రదేశ్‌లోని మల్హార్‌ను రాకేశ్ తివారీ తవ్వినప్పుడు క్రీ.పూ. 1800 ప్రాంతపు తేదీల పక్కన కొలుములూ గాలి గొట్టాలూ చిట్టెమూ కూడా బయటపడ్డాయి. అంకె చిన్నదైనా ఆ సాక్ష్యం బరువు ఎక్కువ.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. చిట్టెం మీద తేదీ రాసి ఉండదు గదా! గుట్ట పక్కన కుప్పగా పడిన నల్లరాయి మూడు వేల ఏళ్ళ నాటిదా, నిజాం కాలం నాటిదా అంటే కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. పైగా చిట్టెమంతా ఖనిజం కరిగించినప్పటిదే కానక్కర్లేదు. ఎక్కడో తీసిన ఇనుమును కొనుక్కొచ్చి కొడవళ్ళు కొట్టే ఊరి కమ్మరి కొలిమి అడుగున కూడా చిట్టెం పేరుకుంటుంది. రెండో అభ్యంతరానికి జవాబు సులువు. కమ్మరి చిట్టెం చిన్న గిన్నె అడుగు ఆకారంలో గడ్డకడుతుంది, పాకంలా పారిన మడతలు దానికి ఉండవు. దాగలి మీద సుత్తి దెబ్బకు ఎగిరిపడే పొలుసులు చుట్టూ మట్టిలో కలిసి ఉంటాయి, గోరు అంచు కన్నా పలచన. ఆ మట్టి మీద అయస్కాంతం తిప్పితే పొలుసులు దానికి అంటుకుంటాయి. ఎక్కడ ఎక్కువ అంటుకుంటే దాగలి అక్కడికి దగ్గర్లో ఉండేదన్నమాట. ఖనిజం కరిగించిన చోట ఈ పొలుసులు అరుదు, గోడ పెళ్ళలూ గాలి గొట్టాల ముక్కలూ బస్తాల కొద్దీ దొరుకుతాయి.

తేదీ విషయంలో జవాబు అంత సులువు కాదు, అసాధ్యమూ కాదు. విల్లర్డ్ లిబ్బీ బృందం 1949లో రుజువు చేసిన రేడియో కార్బన్ పద్ధతి బొగ్గుకు పనికొస్తుంది. చిట్టెం గడ్డకట్టేటప్పుడు లోపల చిక్కుకున్న బొగ్గు తర్వాత ఎవరూ దూర్చింది కాదు. సమాధి గోతిలోని బొగ్గుకు ఈ హామీ లేదు. ఉక్కులో కలిసిన కార్బన్ కూడా కొలిమి బొగ్గు నుంచే వచ్చింది కాబట్టి లోహానికే నేరుగా తేదీ కట్టవచ్చని వాన్ డెర్ మెర్వ్ 1969లోనే చూపాడు. కాలిన కొలిమి గోడలోని క్వార్ట్జ్ రేణువులు చివరిసారి ఎప్పుడు వేడెక్కాయో దీప్తి పద్ధతులతో లెక్కించవచ్చు. అయినా రెండు చిక్కులున్నాయి. మొదటిది ముసలి చెట్టు చిక్కు. రెండు మూడు వందల ఏళ్ళు పెరిగిన టేకు చేవను కాల్చితే ఆ బొగ్గు తేదీ కొలిమి కన్నా అన్ని వందల ఏళ్ళు పాతగా వస్తుంది. నైజర్‌లోని టెర్మిట్ కొండల దగ్గర ఇనుముకు వచ్చిన అతి పాత తేదీల మీద ఇలాంటి అనుమానమే నేటికీ తీరలేదు. కాబట్టి చేవను వదిలి సన్న రెమ్మల బొగ్గునే ఎంచుకోవాలి. రెండో చిక్కు మన ఇనుప యుగానికి మరీ ఇబ్బంది తెచ్చేది. క్రీ.పూ. 800 నుంచి 400 వరకు వాతావరణంలోని రేడియో కార్బన్ పాళ్ళు మారిన తీరు వల్ల ఆ నాలుగు వందల ఏళ్ళలో ఏ ఏడాది బొగ్గయినా ఇంచుమించు ఒకే ఫలితం ఇస్తుంది. బృహత్ శిలా సమాధుల్లో చాలావాటి కాలం సరిగ్గా ఆ సందులో పడుతుంది. ఒక్క నమూనాతో సరిపెట్టుకోకుండా, కుప్ప అడుగు నుంచి పై దాకా వరసగా నమూనాలు తీసి, దీప్తి పద్ధతితో సరిచూసుకుంటే తప్ప దాన్ని దాటలేం. అలా వరసగా తీయాలంటే పొరలు పొరలుగా పేరుకున్నది కావాలి. చిట్టెపు కుప్పకు అది పుట్టుకతో వచ్చిన గుణం.

ఇక ఉత్తర తెలంగాణ. ఈ నేల గుట్టలు చాలావరకు పాతకాలపు గ్రానైట్, నైస్ రాళ్ళు. వాటిలో మాగ్నటైట్ అనే నల్లని ఇనుప ఖనిజం ఉంది. అడవిలో బొగ్గుకు కర్ర ఉంది, కొలిమికి మట్టి ఉంది. ఖనిజం నుంచి ఇనుప ముద్ద తీసే పనివాళ్ళను ఇక్కడ ముద్ద కమ్మరులన్నారు. కోరుట్ల, మెట్‌పల్లి దాటి పడమరకు పోతే నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడ ఉక్కు తయారీని కళ్ళారా చూసి రాసిన వివరణ ఆయన పోయాక 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. పద్ధతి ఇదీ: ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత వేసి మెత్తి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చడం. ఇక్కడి మూసల మట్టిలో వరి ఊక కలిపేవారు. విరిగిన మూస ముక్క పైభాగం గాజులా మెరుస్తుంది, విరిగిన అంచు నల్లగా, అందులో ఊక గింజల ఆనవాళ్ళు వరసలుగా కనిపిస్తాయి. ఊక మాడి కార్బన్‌గా మిగలడం వల్లే ఆ మట్టి అంత వేడికీ పగలకుండా నిలిచింది. ఇంత తెలివైన పదార్థాన్ని పొట్టు ఊదేసినంత తేలిగ్గా పారేశారు, మనకు మేలే చేశారు. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి గిల్ జూలెఫ్, బెంగళూరు నియాస్ సంస్థ నుంచి శారదా శ్రీనివాసన్, రంగనాథన్ కలిసి ఉమ్మడి ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో ఊరూరూ తిరిగి చేసిన సర్వేలో రెండు వందలకు పైగా చోట్ల ఇలాంటి ఆనవాళ్ళు నమోదయ్యాయి. ఏదో ఒక రాజధానిలో కొలువు తీరిన కార్ఖానా ఇలా కనిపించదు. ఊళ్ళకు ఊళ్ళు చేసిన పని ఇలా కనిపిస్తుంది.

సర్వేలో దొరికినవాటిలో ఎక్కువ భాగం మధ్యయుగాలవో ఆ తర్వాతివో అయి ఉండవచ్చు, వాటిని పట్టుకుని పూర్వచరిత్ర రాయడం న్యాయమేనా అని అడగవచ్చు. అడగాల్సిందే. కోనసముద్రం మూసలను చూపించి ఇదే విద్య మూడు వేల ఏళ్ళ కిందా ఉందంటే అది కోరికే తప్ప రుజువు కాదు. అయితే అధిక కార్బన్ ఉక్కు దక్కన్‌లో పాతదే అనడానికి వేరే చోట ఆధారం ఉంది. కర్ణాటకలో తుంగభద్ర ఒడ్డున కడెబాకెలెలో కార్లా సినోపోలీ, కాథ్లీన్ మారిసన్ తవ్విన ఇనుప యుగపు పొరల్లో దొరికిన ఇనుప వస్తువులను శారదా శ్రీనివాసన్ పరీక్షించినప్పుడు కొన్నిటిలో కార్బన్ పాళ్ళు చాలా ఎక్కువని తేలింది. అది క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది మధ్య కాలం. తెలంగాణలో ఆ కాలపు కొలిమిని అడుగు పొర దాకా తవ్వి తేదీ కట్టే పని ముందుంది. ఒకే చోట వెయ్యేళ్ళు పని సాగితే పై పొర మధ్యయుగానిది అవుతుంది, కింది పొర కాదు. పైన ఏరుకున్న ముక్కల వయసును బట్టి కుప్ప మొత్తం వయసు తేల్చేయడం, సమాధిలోని బొగ్గును బట్టి కత్తి వయసు తేల్చేయడం లాంటి పొరపాటే.

ఈ వాదాన్ని ఇంకో వైపు నుంచి కూడా పరీక్షించాలి. ఇదే గడ్డ మీద వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల తవ్వకాలు జరిగాయి. ఇటుక బావులు, ప్రాకారాలు, బౌద్ధ స్తూపం, నాణేలు బయటపడ్డాయి. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో గోబద, నారన, కంవాయస, సమగోప అనే స్థానిక పాలకుల నాణేలూ, శాతవాహన వంశ స్థాపకుడు చిముకుడి నాణేలూ దొరికాయి. ఇంత వెలుగున్న సాక్ష్యం ఉండగా నల్లరాళ్ళ వెంట ఎందుకు పడాలి? నాణెం తన కాలాన్ని బాగా చెబుతుంది, తనకు ముందు కాలం గురించి నోరు విప్పదు. శాతవాహనులకు ముందే ఇక్కడ పేరు కొట్టించుకునే స్థాయి పాలకులు ఉన్నారంటే వాళ్ళకు ఆదాయం ఇచ్చిన పంటలూ పనులూ ఎప్పటి నుంచో సాగుతున్నట్టే. ఆ ఆదాయమంతా ఇనుము వల్లే వచ్చిందనడం తొందరపాటు. గంగా లోయలో ఇనుప గొడ్డలి అడవిని నరికింది కాబట్టి నగరాలు లేచాయని ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉండేది. అడవిని నిప్పుతోనూ తీయవచ్చని చూపి చరిత్రకారులు ఆ సూత్రాన్ని సడలించారు. ఇక్కడా వరి, చెరువు, గోదావరి రాదారి అన్నీ లెక్కలోకి రావాలి. వాటిలో ఇనుము వాటా ఎంతో కొలవాలంటే ఏ కాలంలో ఎంత చిట్టెం పడిందో తెలియాలి. కుప్ప ఘనపరిమాణం నుంచి తీసిన ఇనుము బరువునూ, దానికి కాలిన బొగ్గునూ, నరికిన చెట్లనూ ఉజ్జాయింపుగా లెక్క కట్టడం సాధ్యమే. నాణేల కుండతో ఆ లెక్క తేలదు.

చిక్కల్లా కుప్పలు నిలబడటంలోనే ఉంది. పాతకాలపు ఊరి దిబ్బను ఇక్కడ పాటిగడ్డ అంటారు. బూడిదా పెంటా కలిసిన ఆ పాటిమన్ను పంటకు బలమని రైతులు తరతరాలుగా బండ్లతో, ఇప్పుడు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు, ఇది చరిత్ర అని వాళ్ళకు చెప్పినవాళ్ళు తక్కువ. చిట్టెపు కుప్పకు బాట మీద పోసే కంకరగానైనా గిరాకీ ఉంటుంది. నీటి ప్రాజెక్టుల ముంపు ఇంకో రకం. నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండలో పెద్ద ఎత్తున తవ్వారు. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. గుడిని అలా తరలించవచ్చు. పొరల వరసే ప్రాణమైన కుప్పను తరలిస్తే రాళ్ళు మాత్రమే వస్తాయి. బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర కట్టిన మధ్య మానేరు జలాశయం కింద కొదురుపాక, వరదవెల్లి లాంటి ఊళ్ళు మునిగాయి. వేసవిలో నీటిమట్టం దిగినప్పుడు ఇలాంటి జలాశయాల అంచుల్లో పై మట్టి కొట్టుకుపోయి, చిట్టెం లాంటి బరువైనవి అక్కడే మిగిలి బయటికి కనిపిస్తాయి. ఆ రెండు మూడు నెలల్లో అయస్కాంతం, జీపీఎస్ ఉన్న ఫోను, కొలత టేపు పట్టుకుని అంచు వెంట నడిస్తే ఎక్కడెక్కడ కొలుములు ఉండేవో పటం మీద గుర్తించవచ్చు. అందుకు తవ్వకం అనుమతి అక్కర్లేదు, ముక్క కూడా కదిలించక్కర్లేదు. ఆ పటం చేతికొస్తే ఏ కుప్పను అడుగు దాకా తవ్వాలో పురావస్తు శాఖ నిర్ణయించుకోవచ్చు.